కొండ దిగేటప్పుడు తెలుస్తుంది బూట్ల సంగతి

మా తాతగారికి షికారు పిచ్చి వుండేది. చట్టం అడ్డుచెప్పని రోజుల మాట అది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆయన తుపాకీ మూలపడింది. వేట బూట్లు మాత్రం అటకెక్కినా పదిలంగానే వున్నాయి. చీలమండ దాటి జానెడు ఎత్తు, మందపాటి తోలు, అడుగున ఇనుప మేకులు. ఏడాదికోసారి వాటిని కిందికి దించి, దుమ్ము దులిపి, ఆముదం రాసి, నీడన ఆరబెట్టి మళ్లీ అటకెక్కించేవారు.

1990ల్లో నేను వైద్యం చదువు ముగించి సర్వీసులో చేరితే, మొదటి పోస్టింగు పాడేరు పైన ఏజెన్సీలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పడింది. తాతగారు ఆ బూట్లు తెచ్చి నా ముందు పెట్టారు. "కొండలకి వెడుతున్నావు. ఇవి వేసుకో. ఇంకో తరం మన్నుతాయి" అన్నారు. వరండాలో వేసుకుని గేటు దాకా నడిచి వచ్చాను. వేళ్ల దగ్గర కాస్త బిగువుగా వున్నట్టనిపించింది. తోలే కదా, నాలుగు రోజులు తొడిగితే అదే సాగుతుందనుకున్నాను.

ఆ వానాకాలం ఒక కొండమీది పల్లెలో జ్వరాలని కబురొచ్చింది. మా మలేరియా వర్కరూ నేనూ రక్తం తీసే సామాను, మాత్రలు సంచిలో వేసుకుని బయలుదేరాం. అతని కాళ్లకి టైరు చెప్పులు. నా కాళ్లకి తాతగారి బూట్లు. ఎక్కుతున్నంతసేపూ రాజాలాగా నడిచాను. అతను రెండు మూడుసార్లు నా కాళ్లకేసి చూశాడు గాని ఏమీ అనలేదు. పని ముగించుకుని సాయంత్రం దిగడం మొదలుపెట్టాక నా అసలు కష్టం మొదలైంది. అడుగు వేసినప్పుడల్లా పాదం ముందుకు జారి వేళ్లు బూటు మూతికి కొట్టుకుంటున్నాయి. తడిసిన బండల మీద ఇనుప మేకులు జర్రున జారుతున్నాయి. సగం దూరం వచ్చేసరికి ఒక రాతి మీద కూలబడ్డాను.

అప్పుడన్నాడతను: "డాక్టరు బాబూ, మీ బూట్లకి కొండ ఎక్కడం వచ్చుగాని దిగడం రాదు."

ఆ రాత్రి బూట్లు విప్పితే రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడి వున్నాయి. మడమల మీద రూపాయి బిళ్లంత బొబ్బలు చితికి వున్నాయి. పది రోజులు హవాయి చెప్పులతో పేషెంట్లని చూశాను. ఎంబీబీఎస్‌లో పాదానికి ఇరవై ఆరు ఎముకలని వరసగా అప్పజెప్పినవాణ్ణే. ఆ ఇరవై ఆరు ఎముకలూ బూటులో ఎలా సర్దుకుంటాయో మాత్రం ఆ మలేరియా వర్కరు చెప్పేదాకా ఆలోచించలేదు.

అతని మాటలో వైద్యశాస్త్రం వుంది. కొండ ఎక్కేటప్పుడు మడమ పైకి లేస్తుంది. బూటు వెనక భాగం దాన్ని గట్టిగా పట్టుకోకపోతే ప్రతి అడుగుకీ రాపిడి. అందుకే మడమ మీది బొబ్బ ఎక్కేటప్పుడు పుడుతుంది. దిగేటప్పుడు ఒంటి బరువంతా పాదాన్ని ముందుకు నెడుతుంది. ముందర చోటు లేకపోతే గోళ్లు వేలసార్లు గోడకి గుద్దుకున్నట్టే. గోరు కింద రక్తం చేరి నల్లబడుతుంది. ఆ గోరు ఊడినా కంగారు పడనక్కరలేదు, కొత్తది వస్తుంది. కాకపోతే కాలి బొటనవేలి గోరు పూర్తిగా పెరగడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది.

ఇప్పుడు షికార్లు లేవు గాని కొండలెక్కేవాళ్లు మాత్రం బాగా పెరిగారు. మబ్బులు చూడడానికి వంజంగి కొండెక్కే కుర్రకారు, కేదారనాథ్, అమరనాథ్ వెళ్లే పెద్దలు, ఉద్యోగరీత్యా అడవుల్లో తిరిగే ఫారెస్టు సిబ్బంది, అందరికీ బూట్లు కావాలి. దుకాణంలో వాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎన్నాళ్లు మన్నుతాయి?" అని. ముందు అడగవలసింది "నా పాదానికి పడతాయా?" అని.

బూట్లు కొనడానికి సాయంత్రం వెళ్లండి. పగలంతా తిరిగేసరికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. కొండమీద నడిచినప్పుడూ అంతే. పొద్దున్న సరిపోయిన బూటు మధ్యాహ్నానికి బిగుసుకుపోతుంది. కొండమీద ఏ మేజోళ్లు వేసుకుంటారో అవే వెంట తీసుకువెళ్లండి. రెండు పాదాలూ కొలిపించండి. చాలామందికి రెండూ ఒక్క కొలత వుండవు. పెద్ద పాదానికి తగ్గ సైజే కొనాలి. కూర్చుని కాదు, నిలబడి చూసుకోవాలి. బరువు పడితేనే పాదం నిజమైన పొడవు, వెడల్పు బయటపడతాయి.

నేను మా ఆస్పత్రికి వచ్చేవాళ్లకి చెప్పే చిట్కా ఒకటుంది. ఇంట్లో ఒక కాగితం మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీయించుకుని, ఆ ఆకారం కత్తిరించి దుకాణానికి పట్టుకెళ్లండి. బూటు లోపలి అట్టని బయటికి తీసి దాని మీద పెట్టి చూడండి. మీ పాదం బొమ్మ అట్ట దాటి పక్కలకి వచ్చిందంటే ఆ బూటు మీది కాదు. పొడవు సరిపోయిందని వెడల్పు సంగతి మరిచిపోతాం. చిటికెనవేలి పక్కన ఆనెకాయలు కాసేది అందుకే.

తరువాత లేసులు వదులు చేసి, పాదాన్ని ముందుకు తోసి నిలబడండి. వెనక మడమకీ బూటుకీ మధ్య ఒక వేలు దూరాలి. ఇప్పుడు మడమని వెనక్కి ఆనించి లేసులు బిగించండి. అన్నిటికన్నా పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత చోటు మిగలాలి. నడిస్తే మడమ బూటులో లేవకూడదు. చివరగా దుకాణంలో మెట్లుంటే నాలుగు సార్లు దిగండి. వేళ్లు ముందుకు తగిలాయా, ఎంత ఖరీదైనదైనా సరే ఆ జత వదిలేయండి. "వాడగా వాడగా సాగుతుందండీ" అంటాడు దుకాణదారు. తోలు వెడల్పులో కాస్త సాగుతుందేమో గాని పొడవులో సాగదు.

బూటుని చేత్తో వంచి చూడండి. అది వేళ్ల మొదలు దగ్గర వంగాలి. మధ్యలో మడతపడితే అరికాలికి ఆసరా లేనట్టే. తడిబట్ట పిండినట్టు మెలిపెడితే సులువుగా తిరగకూడదు. చెయ్యి లోపల పెట్టి అతుకులన్నీ తడమండి. మీ వేలికి గుచ్చుకున్న కుట్టు రేపు మీ కాలికి గుచ్చుకుంటుంది.

బరువు సంగతి కూడా చూడాలి. కాళ్లకి కట్టుకున్న కిలో బరువు వీపు మీది అయిదు కిలోలతో సమానమని కొండలెక్కేవాళ్ల పాత లెక్క. మంచు మీద బరువు మోసుకు నడిచేవారికి గట్టి తోలు బూట్లు తప్పవు. ఒకరోజు కొండెక్కి దిగే మనకి చీలమండని పట్టివుంచే తేలికైన బూటు చాలు. వాటర్‌ప్రూఫ్ అని దుకాణంలో ఊరిస్తారు. మంచులో, చలిలో అది మేలే. మన ఏజెన్సీ వానల్లో వాగు దాటితే నీళ్లు పైనుంచి లోపలికి వస్తాయి, వచ్చినవి పోవు. పాదం గంటల తరబడి నానుతుంది. నానిన చర్మం తొందరగా చితుకుతుంది. ఇక్కడి కొండలకి త్వరగా ఆరిపోయే కాన్వాసు జంగిల్ బూట్లే హాయి. చీలమండ దాకా కప్పే బూటుతో ఇంకో లాభం వుంది. మన దేశంలో పాముకాట్లు ఎక్కువగా పడేది పాదాల మీద, మోకాలి కింద. పొద్దున్నే బూట్లు తొడిగేముందు బోర్లించి దులపడం మరిచిపోకండి. తేళ్లకి ఆ చీకటి గది మహా ఇష్టం.

మేజోళ్లు నూలువి వద్దు. నూలు చెమట పీల్చుకుని తడిగానే వుండిపోతుంది. తడి, వేడి, రాపిడి మూడూ కలిస్తేనే బొబ్బ. ఉన్నివో, ఉన్ని నైలాను కలిసినవో మేలు. సంచిలో పొడి జత ఒకటి వుండాలి.

అడుగు సోలు మెత్తని రబ్బరై, లోతైన గాళ్లతో వుండాలి. మా తాతగారి ఇనుప మేకుల కాలం ఎలా పోయిందో తెలుసా? 1935లో ఇటలీ ఆల్ప్స్ పర్వతాల్లో ఆరుగురు చనిపోయారు. వాళ్ల కాళ్లకి తగిన బూట్లు లేకపోవడం కూడా అందుకు ఒక కారణమన్నారు. వాళ్ల స్నేహితుడు, పర్వతారోహకుడు వితాలె బ్రమాని ఆ దుఃఖంలోంచే రబ్బరు గాళ్ల సోలు కనిపెట్టాడు. 1937లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ కొండ బూట్ల అడుగున కనిపించే గాళ్లు చాలావరకు ఆ దారిలో వచ్చినవే.

ఇక మన్నిక. తోలు బూటుని పొయ్యి దగ్గరా ఎండలోనూ ఆరబెడితే పగుళ్లు తీస్తుంది. లోపల పాత న్యూస్‌పేపర్లు కుక్కి నీడన పెట్టండి. కొత్తరకం బూట్లతో ఇంకో చిక్కు వుంది, అది నా అనుభవమే. మంచి ధర పెట్టి కొన్న జతని అపురూపంగా బీరువాలో దాచాను. అయిదారేళ్లకి అరకు వెళ్తూ తొడిగితే మొదటి మైలులోనే రెండు సోళ్లూ నోరు తెరిచాయి. లోపలి మెత్త బిస్కట్టులా పొడిపొడిగా రాలింది. పాలీయురేథేన్ అనే ఆ పదార్థం గాలిలోని తేమకి మెల్లగా విరిగిపోతుంది. మన కోస్తా ఉక్క దానికి బాగా గిట్టదు. వాడకుండా దాస్తే మన్నుతుందనుకోవడం పొరపాటు. పాత జతతో కొండకి బయలుదేరే ముందు సోలుని బొటనవేలితో గట్టిగా నొక్కి, నాలుగు రోజులు వీధిలో నడిచి చూడండి.

ఇంతవరకూ చెప్పినది నొప్పి తెలిసే పాదాల సంగతి. నేను ఈ వ్యాసానికి కూర్చున్నది నొప్పి తెలియని పాదాల కోసం.

2018 వేసవిలో ఒక రిటైర్డ్ మాస్టారు అమరనాథ్ యాత్రకి ఆరోగ్య సర్టిఫికెట్ కోసం నా దగ్గరికి వచ్చారు. అది లేనిదే యాత్రకి అనుమతి లేదు. పదమూడేళ్లుగా సుగరు వ్యాధి వుంది. బీపీ చూశాను, ఊపిరితిత్తులు విన్నాను, ఈసీజీ తీయించాను, సుగరు అదుపులోనే వుంది. సంతకం చేశాను. ఆయన వెళ్లేముందు "మా అబ్బాయి మంచి కొండ బూట్లు కొనిచ్చాడండీ, రేపు రైల్లో తొడుక్కుంటాను" అన్నారు సంబరంగా. నేను "శుభం" అన్నాను. ఆ ఒక్క మాటకి నేను ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆయన కాళ్లు చూడలేదు. మేజోళ్లు విప్పమని అడగలేదు.

ఆయన పహల్గాం దారిన ఎక్కి బాల్తాల్ దారిన దిగారు. గుహ వున్నది 3,888 మీటర్ల ఎత్తున. బాల్తాల్ దారి 14 కిలోమీటర్లు, దగ్గరి దారే గాని వాలు ఎక్కువ. దిగుతున్నంతసేపూ ఆయనకి ఏ బాధా లేదట. తోటివాళ్లు కుంటుతుంటే "మీకంటే నేనే నయం" అని నవ్వారట. ఇంటికొచ్చాక ఆయన భార్య బట్టలు నానబెడుతుంటే మేజోడుకి ఎండిన రక్తం కనిపించింది. బొటనవేలి కొస చితికి నల్లబడి వుంది. "నొప్పి లేదుగా, అదే తగ్గుతుంది" అని ఆయన ఇంకో వారం ఊరుకున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి చీము ఎముకని చేరింది. వేలు తీసేయక తప్పలేదు.

ఆపరేషన్ అయ్యాక ఆమె ఒక మాట చెప్పింది. "ఏడాదిగా ఈయన కాలి చెప్పు వీధిలో జారిపోయినా ఈయనకి తెలిసేది కాదు డాక్టరుగారూ. వెనక వస్తూ నేనే ఏరి తెచ్చి ఇచ్చేదాన్ని. మతిమరుపు అనుకున్నాం."

అది మతిమరుపు కాదు. ఏళ్ల తరబడి సుగరు వున్నవారిలో పాదాల నరాలు మెల్లగా మొద్దుబారుతాయి. చెప్పులో రాయి పడితే మనం అడుగు ముందుకు వేయలేం. వాళ్లు దాన్ని రోజంతా మోసుకు తిరుగుతారు. కొత్త బూటు కరిస్తే మనం "అబ్బా" అని కూర్చుంటాం. ఆనాడు కొండ దారిలో నన్ను కూర్చోబెట్టింది ఆ నొప్పే, నా గోళ్లు పోయినా వేళ్లు మిగిలింది అందువల్లే. మాస్టారిని ఆపే కాపలాదారు లేకపోయాడు. ఇంకో ముప్పు కూడా వుంది. స్పర్శ తగ్గిన కాలికి సరైన బూటు వదులుగా తోస్తుంది. అందుకని బిగుతైనదే సరిపోయిందనుకుని కొంటారు.

సుగరు వున్నవాళ్ల ఇళ్లలో ఒక పరీక్ష చేసుకోవచ్చు. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ పట్నం పేరుతో పిలిచే పరీక్ష ఇది. ఆయన్ని కాళ్లు చాచి కళ్లు మూసుకోమనండి. మీ చూపుడువేలితో ఆయన రెండు పాదాల బొటనవేలి కొస, నడిమివేలి కొస, చిటికెనవేలి కొస, మొత్తం ఆరు చోట్ల ఒక్కటి రెండు క్షణాలు మెత్తగా తాకండి. నొక్కకూడదు, గీరకూడదు. తాకినప్పుడల్లా చెప్పమనండి. రెండు చోట్ల గాని అంతకు మించి గాని తెలియకపోతే ఆ పాదాల మాట నమ్మకూడదు. డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి. మేము పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను దారంతో పరీక్షించి నిర్ధారణ చేస్తాం.

అలాంటివారు కొండకి వెళ్లాలనుకుంటే ముందు డాక్టరుకి పాదాలు, బూట్లు రెండూ చూపించాలి. గాయం వుంటే ప్రయాణం మానుకోవాలి. బూట్లు నెల ముందే కొని మొదట రోజుకి గంట చొప్పున ఇంట్లోనే తొడగాలి. విప్పిన ప్రతిసారీ ఎర్రబడిన చోట్లున్నాయేమో కళ్లతో వెతకాలి. వంగలేకపోతే అరికాలి కింద అద్దం పెట్టుకోవచ్చు, లేదా ఇంట్లోవాళ్లు చూడాలి. కొండమీద గంట గంటకీ ఆగి బూటు విప్పి చూసుకోవాలి. చలికి తట్టుకోలేక వేడినీళ్లలోనూ హీటరు ముందూ పాదాలు పెట్టకూడదు. కాలినా తెలియదు. సింహాచలం గిరిప్రదక్షిణ లాంటి ముప్పై రెండు కిలోమీటర్ల నడక ఒట్టి కాళ్లతో చేస్తామని మొక్కుకోవడం వాళ్లకి ప్రమాదం. మొక్కు వేరే విధంగా తీర్చుకోమని నేను చెబుతుంటాను.

నొప్పి తెలిసేవారికి కూడా నెల ముందు నుంచి తొడగడమే మంచిది. బయలుదేరడానికి నాలుగైదు రోజుల ముందు గోళ్లు తిన్నగా కత్తిరించుకోండి. ఎక్కడైనా మంటగా అనిపించిన క్షణమే ఆగి ప్లాస్టరు అంటించండి. పైకెక్కాక చూద్దాంలే అంటే బొబ్బ ఆగదు. చిన్న బొబ్బని చిదమకండి, పై తోలు ఒలవకండి. దానిని మించిన కట్టు లేదు. ఎర్రదనం పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరుకి చూపించండి. సుగరు వున్నవారు మాత్రం చిన్న బొబ్బకైనా రావలసిందే.

మాస్టారు ఇప్పటికీ వస్తుంటారు. ముందర మెత్త వేసి కుట్టిన వెడల్పు బూట్లు తొడుక్కుంటారు, చక్కగా నడుస్తారు. గదిలోకి రాగానే నేను అడగకముందే వంగి లేసులు విప్పుతారు. ఆ తరువాత నేను ఏ యాత్ర సర్టిఫికెట్ మీదా మేజోళ్లు విప్పించకుండా సంతకం పెట్టలేదు. కొందరు విసుక్కుంటారు. "గుండె చూడమంటే కాళ్లు చూస్తారేమిటండీ?" అంటారు. కొండెక్కేది కాళ్లతోనే కదా అంటాను.

తాతగారి బూట్లు ఇప్పటికీ మా ఇంట్లో వున్నాయి. ఆయన అన్నట్టే ఇంకో తరం మన్నాయి. మా అబ్బాయి ఆమధ్య వాటిని తొడిగి చూసి, వేళ్లు తగులుతున్నాయని విప్పేశాడు. వాడికి నేనేమీ చెప్పలేదు, వాడి కాలే చెప్పింది. మీ ఇంట్లో ఎవరి కాలైనా అలా చెప్పడం మానేసిందేమో, ఈ రాత్రి భోజనాలయ్యాక ఆరు చోట్ల తాకి చూడండి.